డబ్బా మీద 1 టీబీ, లోపల తరుగు

తణుకు,
పశ్చిమ గోదావరి జిల్లా.

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మీ కస్టమర్ కేర్ వారు చెప్పినట్టు చేస్తే గేమ్ కన్సోల్‌లో మా అబ్బాయి సేవ్ డేటా (ఆట ఎక్కడిదాకా ఆడాడో దాచి ఉంచే ఫైళ్లు) మొత్తం పోవడం, డబ్బా మీద రాసిన స్టోరేజీకీ లోపల వాడుకోగలిగిన స్టోరేజీకీ పొంతన లేకపోవడం.

అయ్యా,

మాది కిరాణా కొట్టు. నిరుడు మే నెలలో, మా అబ్బాయి పదో తరగతి పాసైన వారంలో, మీ ఆన్‌లైన్ స్టోర్‌లో 1 టీబీ కన్సోల్ కొన్నాను. బిల్లు జత చేశాను. ఆ వేసవి సెలవులన్నీ వాడు దాని ముందే కూర్చున్నాడు. తర్వాత ఇంటర్ చదువుకి విజయవాడ హాస్టల్‌కి వెళ్లాడు. పండగలకి వచ్చినప్పుడల్లా ఆపిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టేవాడు. వాడు లేనప్పుడు కన్సోల్ నాది. రాత్రి కొట్టు కట్టేసి ఇంటికొచ్చాక అరగంట కార్ల రేసు ఆడతాను. నవ్వకండి, బీపీ మాత్ర కంటే అదే బాగా పనిచేస్తోంది.

ఆగస్టు రెండో వారంలో ఆ రేసు గేముకి అప్‌డేట్ వచ్చింది. సైజు 6 జీబీ. కన్సోల్‌లో 38 జీబీ ఖాళీగా ఉంది. అయినా జాగా చాలదు, ఇంకో 60 జీబీ ఖాళీ చేయమని తెర మీద వచ్చింది. ఆరు కేజీల సరుకు దింపుకోవడానికి తొంభై ఎనిమిది కేజీల చోటు దేనికో నాకు అర్థం కాలేదు. మా ఎదురింటి బీటెక్ కుర్రాడు తర్వాత చెప్పాడు: పాత గేము 92 జీబీ ఉంది, దాన్ని అలాగే ఉంచి పక్కనే కొత్త కాపీ కడుతుంది, అది పూర్తయ్యాక పాతది తీసేస్తుంది, మధ్యలో కరెంటు పోయినా గేము పాడవకుండా ఉండాలని ఇలా చేస్తారు అని. మంచిదే. కరెంటు సంగతి మాకు ఒకరు చెప్పాలా? కానీ ఆ ముక్క తెర మీద రెండు లైన్లలో రాస్తే మీ సొమ్మేం పోయింది? రాసి ఉంటే నేను మీకు ఫోనే చేసేవాణ్ణి కాదు.

ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు పాట వినిపించాక ఒకబ్బాయి ఎత్తాడు. మర్యాదగానే మాట్లాడాడు, అతని మీద నాకు కోపం లేదు. సెట్టింగ్స్‌లో స్టోరేజీకి వెళ్లి అక్కడ ఏమేం ఉన్నాయో చదవమన్నాడు. గేములు, వీడియోలు, సేవ్ డేటా, ఇతరాలు అని వరసగా చదివాను. "సేవ్ డేటా అంటే పాతదే సార్, అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టండి" అన్నాడు. కన్సోల్ ఒకసారి ఖాయమేనా అని అడిగింది. కంపెనీ మనిషే పక్కనుండి చెప్తుంటే నాకేం అనుమానం? కొట్టేశాను. ఖాళీ అయినది 2 జీబీ కూడా లేదు. అప్‌డేట్ ఎక్కలేదు. అప్పుడతను, "అయితే అదనంగా ఎస్సెస్డీ కొనుక్కోండి సార్" అని, అంటే కన్సోల్‌లో జాగా పెంచే వేగమైన స్టోరేజీ ముక్క, 12 వేల రూపాయల రకం ఒకటి చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఆ ఆదివారం మా వాడు హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. జాగా గొడవ గురించి వాళ్లమ్మ చెప్పింది. "నాన్నా, గేములు కావాలంటే తీసెయ్, మళ్లీ దింపుకోవచ్చు. సేవ్‌లు మాత్రం ముట్టుకోకు" అన్నాడు. నేను సరేనన్నాను. ఇంకేమనను?

అప్పుడు తెలిసింది, నేను చేసింది సరిగ్గా తిరగేసిన పని అని. గేము తీసేస్తే అది కొన్నట్టుగా మీ ఖాతాలో ఉంటుంది కాబట్టి ఎప్పుడైనా తిరిగి వస్తుంది. మా 40 ఎంబీపీఎస్ నెట్‌లో 92 జీబీ దిగడానికి అయిదు గంటలు దాటుతుంది, అంతే. సేవ్ ఫైలు కొన్ని ఎంబీలే ఉంటుంది కానీ పోతే పోయినట్టే. దానికి క్లౌడ్‌లో నకలు ఉండాలంటే నెలనెలా మీకు చందా కట్టాలట. మేము కట్టడం లేదు. జాగా ఎక్కువ తినేవాటిని వదిలేసి, ఏమీ తినని దాన్ని తీసేయమని మీ మనిషే చెప్పాడు. నా కొట్లో కుర్రాడు బియ్యం బస్తాలకి చోటు కావాలంటే ఖాతా పుస్తకం బయట పారేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

పైగా ఖర్చు లేని దారి ఒకటి ఉంది. మా ఇంట్లో 2 టీబీ యూఎస్‌బీ హార్డ్ డిస్కు ఎప్పటినుంచో ఉంది, పెళ్లి వీడియోలు పెట్టుకున్నది. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆ డిస్కుని కన్సోల్‌కి ఇచ్చాం. కొత్త తరం గేములు దాని మీద నుంచి ఆడవు కానీ దాచిపెట్టుకోవచ్చు, కావలసినప్పుడు లోపలికి కాపీ చేసుకోవచ్చు. అది గోడౌను, ఇది కొట్టు. మా అబ్బాయి క్రికెట్ గేము అందులోకి జరిపితే నా అప్‌డేట్ ఎక్కేసింది. మీ కస్టమర్ కేర్ అబ్బాయి ఎస్సెస్డీ కొనమనే ముందు ఈ మాట చెప్పి ఉంటే సరిపోయేది.

ఇక తరుగు సంగతి. మీ డబ్బా మీద 1 టీబీ అని పెద్ద అక్షరాలతో ఉంది. కొన్న రోజు గేములకి మిగిలింది 800 జీబీ దాటి కొంచెం. మీ లెక్కలో టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు, అంటే 1000 జీబీ. అదే మెట్టుమెట్టుకీ 1000కి బదులు 1024 చొప్పున లెక్కేస్తే 931 జీబీ అవుతుంది. డిస్కులు అమ్మేవాళ్లంతా ఇలాగే రాస్తారని తెలుసు, ఆ తప్పు మీ ఒక్కరిదే అనను. మిగతాది కన్సోల్ సొంత సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది. అదీ ఒప్పుకుంటాను. కానీ మా కాటాకి తూనికలు కొలతల శాఖ వాళ్లు ముద్ర వేస్తారు. నేను కట్టే పప్పు పొట్లం మీద కవరు బరువు తీసేసిన నికర తూకమే రాయాలి. తరుగు పేరుతో కోత పెడితే ఏమవుతుందో ధాన్యం అమ్మే ఏ రైతునడిగినా చెప్తాడు. అదే డబ్బా మీద "గేములకి దొరికేది ఇంత" అని రాయడానికి మీకేం అడ్డం?

డిస్కు కొంటే జాగా కలిసొస్తుందనుకుని ఒక గేము డిస్కు కూడా కొన్నాను. అదీ మొత్తం లోపలికి ఎక్కిందాకా ఆడలేదు. ఆ డిస్కు ఇప్పుడు గేము తెరవడానికి తాళంచెవిలా మాత్రమే పనికొస్తోంది. "ఇతరాలు" పేరుతో ఉన్న 50 జీబీ దేనిదో ఇప్పటికీ నాకు తెలియదు. అడిగితే మీ వాళ్లకీ తెలియలేదు.

నాకు కావలసినవి ఇవి. మా ఖాతాకి చెందిన సేవ్ డేటా జాడ మీ సర్వర్లలో ఎక్కడైనా ఉంటే తిరిగి ఇవ్వండి. లేకపోతే లేదని రాతపూర్వకంగా చెప్పండి, ఆ కాల్ రికార్డింగ్ నకలు కూడా పంపండి. సేవ్ డేటా తీసేయమని ఎవరికీ చెప్పకూడదని మీ కస్టమర్ కేర్‌కి ఆదేశం ఇచ్చి, ఆ సంగతి నాకు తెలియజేయండి. ఆ "ఇతరాలు" లెక్క చెప్పండి. డబ్బు అడగడం లేదు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. వీలైతే దసరా సెలవుల లోపే జవాబివ్వండి. మా వాడు ఇంటికొచ్చి కన్సోల్ ఆన్ చేసేది అప్పుడే.

ఇట్లు,
మీ వినియోగదారుడు.

జతపరిచినవి: బిల్లు నకలు, స్టోరేజీ తెర ఫొటోలు మూడు, కస్టమర్ కేర్ ఫిర్యాదు నంబరు వచ్చిన ఎస్సెమ్మెస్.