ఐదు మెయిళ్లు ఒకచోట: మీరు చెప్పని సగం

సంపాదకులకు నమస్కారం.

ఎన్ని ఈమెయిల్ ఖాతాలున్నా కంప్యూటర్‌లో ఒక్క ప్రోగ్రాంలోనే చూసుకోవచ్చని మీ కంప్యూటర్ శీర్షికలో రాశారు. నిజమే, ఏడాదిన్నరగా నేను చేస్తున్నది అదే. కాకపోతే మీరు సగమే చెప్పారు. మిగతా సగం నేను దెబ్బ తిని నేర్చుకున్నాను.

పర్లాకిమిడిలో మాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. పెళ్లి కార్డులు తెలుగులో, ఆఫీసు కాగితాలు ఒడియాలో కొట్టి ఇస్తాం. షాపుకో మెయిల్, నాకో మెయిల్, మా ఆయనకు ఎప్పటిదో పాత మెయిల్, విశాఖలో చదివే మా అబ్బాయి ఫీజుల కోసం తెరిచింది ఒకటి, కొమ్ము బొమ్మలు చేసే మా మరిది ఆర్డర్లకు ఇంకోటి. వాటన్నిటినీ చూసేది నేనే. ఒకదాంట్లోంచి బయటికొచ్చి ఇంకోదాంట్లోకి వెళ్లేసరికి, జిరాక్స్‌కి వచ్చినవాళ్లు పక్క షాపుకి పోయేవారు.

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం కంప్యూటర్‌లో పెట్టాక ఆ బాధ తప్పింది. ఉచితం, 2004 నుంచీ ఉన్నది. ‘యూనిఫైడ్ ఫోల్డర్స్’ అనేది పెట్టుకుంటే ఐదు ఇన్‌బాక్సులూ కలిపి ఒకే వరసలో కనిపిస్తాయి. జీమెయిల్ కలిపేటప్పుడు పాస్‌వర్డ్ కొడితే ఒప్పుకోదు, గూగుల్ సొంత లాగిన్ కిటికీ తెరుచుకుంటుంది, అక్కడ సరేననాలి. 2022 మే నెలాఖరు నుంచి ఒట్టి పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రాములను వాళ్లు రానివ్వడం లేదు. ఇది తెలియక నేను ఒక పూటంతా పాస్‌వర్డ్ మారుస్తూ కూర్చున్నాను.

అసలు దెబ్బ మా ఆయన మెయిల్ దగ్గర తగిలింది. ఖాతా కలిపేటప్పుడు ఐమ్యాప్ (IMAP) కావాలా, పాప్ (POP) కావాలా అని అడిగింది. ఏదైతేనేం అని పాప్ నొక్కేశాను. పాప్ అంటే పోస్టాఫీసు నుంచి ఉత్తరాల మూట ఇంటికి తెచ్చేసుకోవడం. ఐమ్యాప్ అంటే ఉత్తరాలు పోస్టాఫీసులోనే ఉంటాయి, మనం ఫోన్‌లోంచి చూసినా కంప్యూటర్‌లోంచి చూసినా అవే. పాప్‌లో 14 రోజుల తర్వాత సర్వర్ నుంచి, అంటే ఆ పోస్టాఫీసు నుంచి, తీసెయ్యమని టిక్కు పెట్టి ఉంది, నేను చూడలేదు. కొన్నాళ్లకు ఆయన ఫోన్ పట్టుకుని షాపుకొచ్చి, “నా మెయిళ్లన్నీ ఏటైపోనాయి?” అన్నారు. “ఇక్కడున్నాయి లెండి” అని కంప్యూటర్ చూపించాను. ఆ వానాకాలమే పిడుగు దెబ్బకి హార్డ్ డిస్క్ పోయింది. పెన్షన్ కాగితాలన్నీ అందులోనే. ఆ తర్వాత నెల రోజులు మా ఇంట్లో నాకు మర్యాద లేదు.

అలాగని ఐమ్యాప్ పెట్టేసి నిశ్చింతగా ఉండకూడదు. అందులో ఇక్కడ చెరిపితే ఫోన్‌లోనూ చెరిగిపోతుంది. అందుకే ముఖ్యమైనవి మన కంప్యూటర్‌లోనే ఉండే ‘లోకల్ ఫోల్డర్స్’లోకి కాపీ చేసి, నెలకోసారి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటున్నాను.

రెండోది మరిది సంగతి. వచ్చిన మెయిల్‌కి జవాబిస్తే అది ఏ ఖాతాకి వచ్చిందో ఆ ఖాతా నుంచే పోతుంది. అన్నీ కలిపిన ఇన్‌బాక్సులో ఉండి కొత్తగా రాస్తే మాత్రం, పైన ‘ఫ్రమ్’ గడిలో మనం మార్చకపోతే, మొదట ఖాయం చేసిన ఖాతా నుంచి పోతుంది. నాకది షాపు మెయిల్. కొమ్ము కొంగల జతలు అడిగిన హైదరాబాద్ ఆసామికి అడ్వాన్సు కోసం బ్యాంకు ఖాతా నంబరు కొత్త మెయిల్‌లో పంపాను. ఎవరో తెలియని షాపు నుంచి డబ్బు అడుగుతూ మెయిల్ వస్తే ఎవరు నమ్ముతారు? మోసమనుకుని వారం రోజులు ఉలకలేదు, పలకలేదు. చివరికి మా మరిది వీడియో కాల్ చేసి, చేతిలో సగం చెక్కిన కొంగను చూపిస్తే గానీ నమ్మలేదు.

ఇంకొక్క మాట, ఏమీ అనుకోకండి. మీ శీర్షికలో ‘గ్రాహక పేటిక’ అని రాశారు. తెర మీద ఎంత వెతికినా దొరకలేదు. అది ఇన్‌బాక్స్ అని మా అబ్బాయి చెప్పాడు. వాడుక మాట కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. తెర మీద ఏ మాట ఉంటే ఆ మాటే తెలుగు అక్షరాల్లో రాయండి, చాలు. వచ్చే వారం పాప్, ఐమ్యాప్ తేడా, ‘ఫ్రమ్’ గడి సంగతి బొమ్మలతో వేస్తే, కత్తిరించి షాపు గోడకి అంటిస్తాను.

2024లో వచ్చిన థండర్‌బర్డ్ 128వ వెర్షన్ నుంచి ఒక్కో ఖాతాకి ఒక్కో రంగు పెట్టుకోవచ్చు. మరిదికి ఆకుపచ్చ పెట్టాను, షాపుకి నీలం. ఈ ఉత్తరం నీలం చూసుకునే పంపుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా