కలెక్టర్ గారూ, ఆ 4 గంటల్లో అమ్మాలా, సరుకు తెచ్చుకోవాలా?

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం సార్. ఇది నా నాలుగో కాగితం. మొదటిది ఈ 2021 మే 15న మా తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చాను. రెండోది 21న జిల్లా కేంద్రానికి సరుకు కోసం వచ్చినప్పుడు మీ ఆఫీసు గేటు దగ్గరి పెట్టెలో వేశాను. మూడోది 25న వాట్సాప్‌లో పంపాను. దానికి రెండు నీలం టిక్కులు పడ్డాయి. అంటే ఎవరో చూశారన్నమాట. వారికి ధన్యవాదాలు. జవాబు మాత్రం ఇవాళ్టి దాకా, అంటే 28 దాకా, రాలేదు. అందుకే ఈసారి అందరికీ కనబడేలా రాస్తున్నాను.

నాది మండల కేంద్రంలో చిన్న కిరాణా దుకాణం. మా నాన్న పెట్టినది. ఈ కరోనా లాక్‌డౌన్‌లో మన తెలంగాణలో పొద్దున 6 నుంచి 10 దాకా తెరుచుకోమన్నారు, తెరుస్తున్నాం. 10 కాగానే మూయమన్నారు, మూస్తున్నాం. లాక్‌డౌన్ ఎందుకని నేను అడగడం లేదు సార్. మా వీధిలోనే ఇద్దరు పోయారు. ఒకాయన నా దుకాణంలో 20 ఏళ్ల నుంచి ఉద్దెర ఖాతా ఉన్న మనిషి. ఆ ఖాతా పేజీ చింపలేక అలాగే ఉంచాను. కాబట్టి రోగం సంగతి మాకు చెప్పక్కర్లేదు. నేను అడిగేది గడియారం సంగతి.

మా జనానికి దుకాణం 10 దాకానే. మాకు హోల్‌సేల్ దుకాణం కూడా 10 దాకానే. అది మీరున్న ఊళ్లో ఉంది, మాకు 34 కిలోమీటర్లు. నేను అమ్మాల్సిన ఆ 4 గంటల్లోనే కొనుక్కోవడానికీ పోవాలి. 6కి ట్రాలీ ఆటో మాట్లాడుకుని బయలుదేరితే 7కి చేరతాను. అప్పటికే అక్కడ నాలాంటి వాళ్లు 40 మంది చీటీలు పట్టుకుని నిలబడి ఉంటారు. చీటీ ఇచ్చి, బిల్లు కొట్టించి, హమాలీని బతిమాలి, మూటలు ఎక్కించేసరికి 9:30. తిరిగి వచ్చేసరికి మా ఊరి చెక్‌పోస్టు దగ్గర 10 దాటుతుంది. సరుకు బండ్లకు అడ్డు లేదని టీవీలో చెబుతారు. చెక్‌పోస్టు దగ్గర టీవీ లేదు సార్. ప్రతిసారీ బిల్లు చూపించి, మూటలు విప్పి చూపించి, ‘పప్పు సార్, చక్కెర సార్’ అని అరగంట చెప్పుకోవాలి.

నేను పోయిన రోజు దుకాణంలో మా ఆవిడ ఒక్కతే ఉంటుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఒకరోజు ఊరికే లెక్కపెట్టింది, 160 మంది వచ్చారట. 4 గంటలంటే 240 నిమిషాలు. మనిషికి నిమిషంన్నర. ఆ నిమిషంన్నరలో పావు కిలో శనగపప్పు తూచాలి, 10 రూపాయల ఎల్లిగడ్డ ఏరి ఇవ్వాలి, 500 నోటుకు చిల్లర వెతకాలి, ‘మాస్కు పైకి అనండి’ అని చెప్పాలి, ఉద్దెర రాసుకోవాలి. మా పక్కన వైన్స్ కూడా 6కే తెరుస్తారు. నిజం చెప్పాలంటే వాళ్ల లైనే మాకంటే పద్ధతిగా ఉంటుంది. వాళ్లకు తూకం లేదు కదా. సీసా, చిల్లర, నడువు. మా దుకాణం ముందు మాత్రం సున్నంతో గీసిన గుండ్రాలు రెండో రోజుకే కాళ్ల కింద చెరిగిపోయాయి. మళ్లీ గీశాను, మళ్లీ చెరిగాయి. 4 గంటల్లో ఊరంతా వస్తే గుండ్రంలో నిలబడేది ఎవరు?

పోయినేడు ఇలా లేదు సార్. సాయంత్రం 6 దాకా దుకాణాలు ఉండేవి. పొద్దున వచ్చేవాళ్లు పొద్దున, ఎండ తగ్గాక వచ్చేవాళ్లు అప్పుడు. ఒకేసారి పదిమంది కనబడితే గుంపనుకునేవాళ్లం. అప్పుడు రేషన్ కార్డుకు 1,500 రూపాయలు కూడా పడ్డాయి. అందులో సగం నా గల్లాపెట్టెలోకే వచ్చింది కాబట్టి నాకు బాగా గుర్తు. ఈసారి ఆ 1,500 మాట లేదు, ఆ సాయంత్రాలూ లేవు. మా మరదలి వాళ్లది సరిహద్దు అవతల ఆంధ్రలోని జగ్గయ్యపేట. అక్కడ మధ్యాహ్నం 12 దాకా తెరిచి ఉంచుతున్నారు. వైరస్‌కు సరిహద్దు తెలియదు కానీ, గడియారానికి తెలిసినట్టుంది.

ఇప్పుడు అసలు విషయం. మొదటి కాగితంలో ఇది ఒక్కటే రాశాను. ఎవరూ చదవలేదనుకుని మళ్లీ చెబుతున్నాను.

మా దగ్గర ఉపాధి హామీ పనికి పోయేవాళ్లు చాలా మంది. ఎండాకాలం కాబట్టి 6 కాకముందే తట్టా పారా పట్టుకుని చెరువు దగ్గరికి పోతారు. 10కి, 11కి ఇంటికి వస్తారు. వాళ్లు పనిలో ఉండే గంటలూ, మా దుకాణం తెరిచి ఉండే గంటలూ ఒకటే. కూలి 245 రూపాయలంటారు, కొలతల్లో కోసుకుని అంతకంటే తక్కువే పడుతుంది, అదీ వారాల తర్వాత. ఉప్పు పొట్లం కోసం ఆ కూలి వదులుకోవాలా? వదులుకుంటున్నారు సార్. వారానికి ఒక రోజు మస్టర్‌లో హాజరు పోగొట్టుకుని మా దుకాణం ముందు నిలబడుతున్నారు. లేకపోతే 11 గంటలకు మా ఇంటి వెనక తలుపు కొడతారు.

మొన్న సోమవారం అలాగే ఒకామె వచ్చింది. కాళ్లకు మోకాళ్ల దాకా చెరువు మట్టి, ఎండి తెల్లబడి ఉంది. కొంగు ముక్కుకు చుట్టుకుంది. “అన్నా, నూనె ప్యాకెట్, చాయ్‌పత్తి, అంతే. పోరగాళ్లు పొద్దటి నుంచి చాయ్ లేదని ఏడుస్తున్నరు” అంది. నేను వంటింట్లో నుంచి దుకాణంలోకి పోయి, లైటు వేయకుండా చీకట్లో తడుముకుని తెచ్చి ఇచ్చాను. నా దుకాణం, నా సరుకు, నేను పైసలు పెట్టి కొన్నది. దొంగతనం చేసినట్టు చేతులు వణికాయి. ఆమె డబ్బులు తలుపు సందులో నుంచి ఇచ్చింది, చిల్లర తీసుకోకుండా ఉరికింది. ఆ 8 రూపాయలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

మీకు ఇది చెప్పడం తప్పేమో, రేపు ఈ ఉత్తరం పట్టుకునే నా మీద కేసు రాస్తారేమో. రాయనీయండి. ఇప్పటికే ఒక ఫైన్ కట్టాను కదా.

ఆ ఫైన్ కథ కూడా వినండి. బ్యాంకు 8కి తెరుస్తారు. పింఛన్ 2,016 రూపాయలు తీసుకోవడానికి ముసలివాళ్లు 7 నుంచే లైన్లో కూర్చుంటారు, చెప్పులు వరసలో పెట్టి తాము చెట్టు కింద. నంబరు వచ్చేసరికి 9, 9:30. అక్కడి నుంచి ఆయాసపడుతూ నడుచుకుంటూ మా దుకాణానికి వస్తారు. ఆరోజు ఒక అవ్వ వచ్చేసరికి నేను షట్టర్ సగం దించేశాను. వంగి లోపలికి వచ్చింది. చక్కెర అర కిలో, చాయ్‌పత్తి, లీటరు నూనె. నూనె ప్యాకెట్ 170 దాటిందంటే నమ్మలేదు. ‘పోయినేడు ఇందులో ఎంతో తక్కువుండె కదా బిడ్డా’ అని మూడుసార్లు అడిగింది. నేను ప్యాకెట్ మీది రేటు చూపించాను. ఆమెకు చదువు రాదు. నేను చదివాను, ఆమె నా మొహం చూసింది. ఆ బేరంలోనే 10 దాటి 2 నిమిషాలైంది. బయట బండి ఆగింది.

ఎవరు వచ్చారో పేరు రాయను. వాళ్ల డ్యూటీ వాళ్లది, పాపం వాళ్లూ ఎండలోనే నిలబడుతున్నారు. వెయ్యి రూపాయలు రాశారు. అవ్వ ఉన్నంతసేపూ నేను నోరెత్తలేదు. ఆమె సంచిలో నుంచి నూనె ప్యాకెట్ తీసి కౌంటర్ మీద పెట్టి, “నా వల్లనే అయింది, ఇది వద్దులే, రేపు వస్త” అని వెళ్లిపోయింది. రేపు రాలేదు. ఎల్లుండి మా అబ్బాయితో పంపించాను.

అబ్బాయి అంటే గుర్తొచ్చింది. ‘దుకాణాల ముందు గుంపు వద్దు, ఫోన్లో ఆర్డర్ తీసుకుని ఇళ్లకు పంపండి’ అని మాకు చెప్పారు. మంచి మాట. చేశాం. వాట్సాప్‌లో చీటీల ఫొటోలు తెప్పించుకున్నాం. ‘పుట్నాలు 1/4, ఉల్లిగడ్డ 2 కేజీ, అమ్మకు జర్దా’ ఇలా. రాత్రంతా మా ఆవిడా నేనూ సంచులు కట్టి పేర్లు రాసి పెట్టేవాళ్లం. పొద్దున అబ్బాయి బండి మీద ఇచ్చి వచ్చేవాడు. నాలుగో రోజు 10:20కి పట్టుకున్నారు. బండి హ్యాండిల్‌కు మూడు సంచులు వేలాడుతున్నాయి, ఒక్కోదాని మీద ఇంటి పేరు రాసి ఉంది. ‘పాస్ ఏదిరా’ అన్నారు. పాస్‌కు ఆన్‌లైన్లో పెట్టాం, రిజెక్ట్ అని వచ్చింది, కారణం రాయలేదు. బండి స్టేషన్ ఆవరణలో ఉంది. రోజూ అటు పోతూ చూసుకుంటున్నాడు. సీటు మీద వేపాకులు రాలి ఉన్నాయట. ఆ మూడు సంచుల్లో ఒకదానిలో పెరుగు ప్యాకెట్లున్నాయి, వాటి సంగతి ఇక అడగకండి.

పట్నంలో, అంటే హైదరాబాద్‌లో, పెద్ద కంపెనీల డెలివరీ పిల్లలు ఇంటింటికీ తిరిగి సరుకు ఇస్తుంటే వాళ్లనూ ఆపారు, గొడవయింది, తర్వాత వదిలారు. వాళ్లకు గొడవ చేయడానికి మనుషులున్నారు. మా మండలంలో 20 కిరాణా దుకాణాలుంటాయి, మా కోసం ఎవరు ట్వీట్ పెడతారు సార్?

మామిడికాయ తొక్కు పెట్టే కాలం కూడా ఇదే. ఆవపొడి, మెంతిపొడి, కారం, ఉప్పు, పల్లి నూనె ఈ నెలలోనే పోతాయి. ఏడాదిలో నాకు నాలుగు డబ్బులు మిగిలేది ఇప్పుడే. మిరపకాయలు ఉన్నాయి, గిర్ని 10కి బంద్. కారం పట్టించుకోవడానికి ఆడవాళ్లు సంచులు గిర్ని ముందు వరసగా పెట్టి వెళుతున్నారు, మరుసటి రోజు వచ్చి చూస్తే వాళ్ల సంచి ఇంకా అక్కడే ఉంటుంది. కాయలు ఇంట్లో మాగిపోతున్నాయి. తొక్కుకు కాయ పుల్లగా, గట్టిగా ఉండాలి కదా. ఇది పెద్ద సమస్య కాదని మీకు అనిపించవచ్చు. ఏడాదంతా అన్నంలోకి అదే ఉండే ఇళ్లు మా ఊళ్లో చాలా ఉన్నాయి.

ఎల్లుండి, 30న, కేబినెట్ కూర్చుంటుందని పేపర్లో వచ్చింది. పొడిగిస్తారో, సడలిస్తారో పెద్దలు తేలుస్తారు. అక్కడ మా మాట చెప్పేవాళ్లు లేరు. మీరైనా ఒక చీటీ మీద రాసి పైకి పంపండి: పల్లెల్లో సాయంత్రం 4 నుంచి 6 దాకా కిరాణా దుకాణాలకు అనుమతి. పనికి పోయి వచ్చినవాళ్లు అప్పుడు కొనుక్కుంటారు. అది కుదరదంటే హోల్‌సేల్ వాళ్లకైనా 10 తర్వాత రెండు గంటలు ఇవ్వండి, మేము దుకాణం మూసి పోయి తెచ్చుకుంటాం. అదీ కాదంటే మా తహసీల్దార్ సంతకంతో దుకాణానికి ఒక పాస్ ఇప్పించండి. మూడూ చేయమనడం లేదు, ఏదో ఒకటి చేయండి. ఏదీ కుదరదంటే కుదరదని ఒక్క ముక్క రాయండి సార్, నేను ఇంకో కాగితం కొనుక్కోకుండా ఉంటాను.

బండి సంగతి వేరేగా అడుగుతున్నాను. అది అబ్బాయిది కూడా కాదు, మా అల్లుడిది. కిస్తీ ఇంకా 11 నెలలుంది.

రేపు మళ్లీ సరుకు కోసం మీ ఊరికే వస్తున్నాను. చక్కెర అయిపోయింది, ఉప్పు రెండు మూటలే ఉంది. 9:30 దాకా హోల్‌సేల్ గల్లీలోనే ఉంటాను. మీ ఆఫీసు నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే వచ్చి రెండు నిమిషాల్లో చెప్పి వెళతాను. నంబరు మూడు కాగితాల మీదా ఉంది, మూడోదాని మీద పెద్ద అక్షరాలతో రాశాను.

ఇట్లు,
మీ జిల్లాలో ఒక కిరాణా దుకాణదారు
28-05-2021