అంకుశం లేదు సరే, కాళ్ళకున్న గొలుసుల మాటేమిటి?

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ మీద వచ్చిన వ్యాసం చదివాను. ఆయన వెర్సాయ్ రాజభవనం బొమ్మలు బాగున్నాయి. విషయానికొస్తే మళ్ళీ అదే పాత పాట: "నేనే రాజ్యం" అన్నాడట, అనుకున్నదల్లా చేశాడట, అడిగే నాథుడే లేడట. 1655లో, పదహారేళ్ళ కుర్రాడిగా, పారిస్ పార్లమెంటులో (పేరు చూసి ఇంగ్లండ్ పార్లమెంటు లాంటిదనుకోకండి, ఇది కోర్టు) ఆ మాట అన్నాడని చెప్పుకుంటారు గానీ దానికి ఆధారం ఏమీ లేదు. 1715లో పోయే ముందు అన్నాడని దగ్గరున్నవాళ్ళు రాసుకున్న మాటేమో దాదాపు దానికి ఎదురు: నేను పోతున్నాను, రాజ్యం మాత్రం ఎప్పటికీ ఉంటుంది అని.

అసలు తిరకాసంతా ఇలాంటి రాజులకు మనం తగిలించే 'నిరంకుశ' అన్న మాటలో ఉంది. అంకుశం లేని ఏనుగు అనగానే దొరికిందల్లా తొక్కేస్తుందని మనం ఊహించుకుంటాం. ఆనాటి ఫ్రెంచివాళ్ళ లెక్కలో మాత్రం రాజు మీద మరో మనిషి పెత్తనం లేదు, అతను దేవుడికే జవాబు చెప్పుకోవాలి, అంతే. సింహాసనం ఎవరికి పోవాలన్నది కూడా అతని ఇష్టం కాదు, ఆడపిల్లలకు రాదు, రాజు కాథలిక్ అయ్యుండాలి, ఈ కట్టుబాట్లు మార్చే హక్కు రాజుకే లేదు.

ఇక డబ్బు సంగతి. ఇక్కడే అసలు తమాషా. ఫ్రాన్స్ రాజులు యుద్ధాల ఖర్చుకు చాలక జడ్జి పదవులు, పన్నుల ఉద్యోగాలు అమ్ముకున్నారు. 1604 నుంచి, ఏటా ఆ పదవి విలువలో అరవయ్యో వంతు కడుతూ పోతే దాన్ని కొడుక్కి ఆస్తిలా ఇచ్చుకోవచ్చు. అలా కొనుక్కున్నవాణ్ణి పీకేయాలంటే రాజు ముందు వాడి డబ్బు వాడికి తిరిగివ్వాలి, ఆ డబ్బే ఉంటే అమ్ముకునేవాడే కాదు కదా! అందుకే ప్రాంతాలకు ఇంటెండెంట్లని వేరే అధికారుల్ని పంపించాల్సొచ్చింది, వాళ్ళది కొన్న పదవి కాదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి పిలవొచ్చు. పారిస్ పార్లమెంటులో కూర్చున్నది కూడా ఇలా పదవి కొనుక్కున్న జడ్జీలే. రాజు శాసనం వాళ్ళ దగ్గర రిజిస్టర్ కావాలి. ముందు రిజిస్టర్ చేయండి, అభ్యంతరాలుంటే తర్వాత చెప్పండి అని 1673లో లూయీ వాళ్ళ నోరు నొక్కిన మాట నిజమే, కోర్టును మాత్రం ఎత్తేయలేదు.

ఉప్పు పన్ను చూడండి. పారిస్ చుట్టుపక్కల ఎనిమిదేళ్ళు దాటిన ప్రతి మనిషీ ఏటా ఇంత ఉప్పని ప్రభుత్వం దగ్గరే, మండిపోయే ధరకు కొని తీరాలి. పడమటి తీరాన బ్రిటనీలో ఆ పన్నే లేదు, ఎందుకంటే 1532లో ఫ్రాన్స్‌లో కలిసినప్పుడు ఒప్పుకున్న హక్కులవి. సరిహద్దులో దొంగ ఉప్పు వ్యాపారం ఎంత జోరుగా సాగేదో చెప్పక్కర్లేదు. 1675లో ఆ పన్ను తమ మీదకీ వస్తోందన్న పుకారు, దానికి తోడు స్టాంపు కాగితం మీద కొత్త పన్ను, రెండూ కలిసి బ్రిటనీ భగ్గుమంది. లూయీ సైన్యాన్ని దింపి తిరుగుబాటును అణిచేశాడు గానీ ఉప్పు పన్ను మాత్రం అక్కడ పెట్టలేదు.

అలాగని ఆయన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. ప్రొటెస్టెంట్ల ఇళ్ళల్లో సైనికుల్ని దించి మతం మార్పించినవాడు, వాళ్ళకు మత స్వేచ్ఛ ఇచ్చిన నాంటెస్ శాసనాన్ని 1685లో రద్దు చేసి దాదాపు రెండు లక్షల మంది దేశం వదిలిపోయేలా చేసినవాడు. ఎదురులేని చోట ఎంత దూరమైనా వెళ్ళాడు, పాత హక్కో అమ్ముకున్న పదవో అడ్డొచ్చిన చోట మాత్రం బేరమాడాడు. మీ వ్యాసంలో ఈ బేరమాడిన లూయీ కనపడనే లేదు.

ఇంకో సంగతి కూడా రాసుంటే బాగుండేది. ఐదేళ్ళ మునిమనవడు రాజవుతున్నాడు కాబట్టి, తన తమ్ముడి కొడుకు ఓర్లియాన్స్ డ్యూక్ చేతికి పూర్తి అధికారం పోకుండా లూయీ వీలునామా రాసి పెట్టాడు. 1715 సెప్టెంబరు 1న కన్ను మూశాడు. 2వ తేదీన డ్యూక్ నేరుగా అదే పారిస్ పార్లమెంటుకు వెళ్ళాడు, జడ్జీలు ఆ వీలునామాను పక్కన పెట్టేశారు, దానికి బదులుగా, రిజిస్టర్ చేయక ముందే అభ్యంతరాలు చెప్పే హక్కు వాళ్ళకు తిరిగొచ్చింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ చరిత్ర టీచర్