కరపత్రం కింద ప్రెస్ పేరేదీ?

సంపాదకులకు,

2024 మే 13 పోలింగ్‌కు రెండు రోజుల ముందు మా గుమ్మంలో ఎవరో ఒక కరపత్రం పడేసి పోయారు. మా నియోజకవర్గంలో పోటీ చేస్తున్న ఒకరి భార్య గురించి రాయకూడని రాతలు. కుళాయి నీళ్ల గురించి, రోడ్డు గురించి ఒక్క ముక్క లేదు. తిప్పి చూశాను. అచ్చువేసిన ప్రెస్ పేరు లేదు, వేయించినవాళ్ల పేరూ లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం ఆ రెండూ ఉండి తీరాలి. ప్రత్యర్థుల వ్యక్తిగత జీవితం జోలికి పోవద్దని ఎన్నికల నియమావళీ చెబుతోంది.

టీవీ ప్రకటనకైతే ముందే కమిటీ అనుమతి కావాలి. వాట్సాప్‌లో పేరూ ఊరూ లేకుండా తిరిగే వీడియోను ఆపేదెవరు?

మా అత్తగారికి 79 ఏళ్లు. ఆ వీడియోలన్నీ మనవడి ఫోన్‌లో చూసి, "ఇద్దరూ దొంగలేనంటున్నారుగా, ఎవరికెయ్యమంటావే అమ్మాయ్?" అన్నారు. బతిమాలి తీసుకెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మెల్లగా చెప్పారు, నోటా నొక్కానని. ఆవిడ ఎవరికీ ఓటు వెయ్యకుండా రావడం అదే మొదటిసారి. నాకు చాలా బాధేసింది. రాష్ట్రంలో పోలింగ్ 80 శాతం దాటిందని మురిసిపోయాం, ఆ లెక్కలో ఆవిడా ఉన్నారు.

వచ్చే ఎన్నికల్లోనైనా పేరు లేని కరపత్రాల మీద అధికారులు తమంతట తామే కేసు పెట్టాలి. నాకొచ్చిన కాగితం బీరువాలో దాచి ఉంచాను, అడిగితే ఇస్తాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి