ఎర్రర్ వచ్చింది, లాగ్‌లో మాత్రం లేదు

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ చూశాను. రాత్రిపూట నడిచే ఆ పైథాన్ ప్రోగ్రాం తెల్లారేసరికి ఆగిపోయి ఉంటోంది, లాగ్ (ప్రోగ్రాం ఏం చేసిందో రాసుకునే ఫైల్) తెరిస్తే చివరి లైను "ఫైల్ తీసుకున్నాం" అని ఉంది, ఆ తర్వాత ఖాళీ, మీ మేనేజరేమో లాగ్‌లో ఎర్రర్ లేదు కాబట్టి తప్పు సర్వర్‌దే అంటున్నాడు, ఇదే కదా కథ? లాగ్‌లో లేనంత మాత్రాన ఎర్రర్ రానట్టు కాదురా. వచ్చింది, వచ్చి వేరే దారిన పోయింది. ముందు ఎటు పోయిందో పట్టుకో, అసలు బగ్ సంగతి తర్వాత చూద్దాం.

అన్నిటికంటే ముందు నీ క్రాన్ లైను చూడు, అదే, చెప్పిన టైముకి ప్రోగ్రాంని నడిపించమని లైనక్స్‌కి రాసిచ్చిన లైను. ఎవరూ పట్టుకోని ఎర్రర్ వస్తే పైథాన్ ఆ ట్రేస్‌బ్యాక్‌ని (ఎర్రర్ ఏంటో, ఏ లైన్లో వచ్చిందో చెప్పే వివరం) స్టాండర్డ్ ఎర్రర్‌లోకి, అంటే ఎర్రర్ల కోసం ఉన్న విడి దారిలోకి, రాసేసి చేతులు దులుపుకుంటుంది. నువ్వు కష్టపడి పెట్టుకున్న లాగింగ్‌కి ఆ కబురే అందదు. క్రాన్‌లో >> పెట్టి ఫైలు పేరు రాసి ఊరుకుంటే మామూలు ప్రింట్లు మాత్రమే ఫైల్లోకి వెళ్తాయి. చివర 2>&1 ఉండాలి, ఎర్రర్లని కూడా అదే ఫైల్లోకి మళ్లించేది అదే, అది కూడా ఫైలు పేరు తర్వాతే, ముందు పెడితే లాభం లేదు. అది లేకపోతే క్రాన్ ఆ ట్రేస్‌బ్యాక్‌ని మెయిల్ చెయ్యబోతుంది, మీ సర్వర్‌లో మెయిల్ సెటప్ లేదంటే ఇక గోవిందా.

సరే, ట్రేస్‌బ్యాక్ నీ లాగ్‌లోకే రావాలంటే పైథాన్ సిస్ మాడ్యూల్‌లో ఎక్సెప్ట్‌హుక్ (sys.excepthook) అనే ఫంక్షన్ ఉంది, దాని స్థానంలో నీ సొంత ఫంక్షన్ పెట్టుకోవచ్చు. చచ్చే ముందు పైథాన్ దాన్ని పిలిచి ఎర్రర్ రకం, ఎర్రర్, ట్రేస్‌బ్యాక్ మూడూ చేతికిస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆ ఫంక్షన్లో అలవాటుగా లాగర్.ఎక్సెప్షన్ (నడుస్తున్న ఎర్రర్‌ని తనే వెతికి లాగ్‌లో రాసేది) రాసేస్తారు, తీరా లాగ్‌లో చూస్తే "నన్‌టైప్: నన్" (NoneType: None), అంటే ఎర్రరే లేదని ఉంటుంది. ఆ పాటికి పైథాన్ లెక్కలో నడుస్తున్న ఎర్రర్ అంటూ ఏదీ ఉండదు మరి. లాగర్.క్రిటికల్ రాసి, ఆ మూడింటినీ ఎక్స్‌సీ ఇన్ఫో (exc_info) కింద నువ్వే ఇవ్వాలి. కీబోర్డ్ ఇంటరప్ట్‌ని మాత్రం పాత హుక్‌కే వదిలెయ్, లేకపోతే నువ్వు కంట్రోల్ సీ కొట్టిన ప్రతిసారీ లాగ్‌లో కొంప మునిగినట్టు గోల.

ఇంతటితో అయిపోతే నీకింత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఆ హుక్ మెయిన్ థ్రెడ్‌కి మాత్రమే (థ్రెడ్ అంటే ఒకే ప్రోగ్రాంలో మిగతావాటితో పాటు విడిగా నడిచే పని). మిగతా థ్రెడ్లకి థ్రెడింగ్ మాడ్యూల్‌లో వేరే ఎక్సెప్ట్‌హుక్ ఉంది, అది పైథాన్ 3.8లో వచ్చింది. మీ సర్వర్‌లో అంతకంటే పాతది ఉంటే థ్రెడ్ ఫంక్షన్లోనే ఎర్రర్‌ని పట్టుకునే ట్రై, ఎక్సెప్ట్ పెట్టుకోవడం తప్ప దారి లేదు. ఇంకో తిరకాసు, థ్రెడ్ చచ్చినా ప్రోగ్రాం చావదు, పైకి అంతా బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తూ లోపల పని మాత్రం జరగదు.

నువ్వు ఫైళ్లు తెచ్చుకోడానికి థ్రెడ్ పూల్ (పనులు పంచుకునే థ్రెడ్ల గుంపు) వాడుతున్నానన్నావు చూడు, నాకు అసలు అనుమానం దాని మీదే. పూల్‌కి సబ్‌మిట్‌తో ఇచ్చిన పనిలో ఎర్రర్ వస్తే ఏ హుక్కూ మోగదు, స్టాండర్డ్ ఎర్రర్‌లో కూడా ఒక్క ముక్క పడదు. ఎర్రర్‌ని తీసి ఫ్యూచర్ అనే వస్తువులో దాచి పెడుతుంది, పోస్టాఫీసులో ఉండిపోయిన పార్సిల్‌లాగా, నువ్వెళ్లి అడిగితేనే ఇస్తారు. అడగడమంటే ప్రతి ఫ్యూచర్ మీదా రిజల్ట్ పిలవడం, అప్పుడు ఆ ఎర్రర్ నీ మొహాన పడుతుంది. నీ కోడ్‌లో సబ్‌మిట్ చేసి వచ్చినదాన్ని ఏ వేరియబుల్‌లోనూ పెట్టుకోలేదని పందెం.

ఒక్కోసారి లాగింగే కూలుతుంది, అది ఇంకా దరిద్రం. కస్టమర్ పేర్లు తెలుగులో ఉన్నాయన్నావు. అదే ప్రోగ్రాంని మీ ఆఫీసు విండోస్ మెషీన్‌లో నడిపినప్పుడు లాగ్‌ని ఫైల్లోకి రాసే ఫైల్ హ్యాండ్లర్‌కి ఎన్‌కోడింగ్ (అక్షరాలు రాసే పద్ధతి) యూటీఎఫ్-8 అని చెప్పకపోతే, అది సిస్టమ్‌లో ఉన్న పాత కోడ్ పేజీ, అంటే పాత అక్షరాల పట్టిక, వాడుకుంటుంది, దాంట్లో తెలుగు అక్షరాలే ఉండవు. అంటే ఎర్రర్ మెసేజ్‌లో తెలుగు పేరొక్కటి ఉంటే చాలు, ఆ మెసేజ్ ట్రేస్‌బ్యాక్‌తో సహా ఫైల్లోకి ఎక్కదు. దాని బదులు "లాగింగ్ ఎర్రర్" అంటూ స్టాండర్డ్ ఎర్రర్‌లో ఏదో వస్తుంది, దాన్ని చూసే నాథుడెవడు?

ఇవేవీ కాకపోతే మెమరీ అయిపోయి ప్రోగ్రాంని లైనక్సే చంపేసి ఉండొచ్చు. సిగ్‌కిల్ (ఉన్నపళంగా చంపేసే సిగ్నల్) వస్తే ఏ హుక్కూ నడవదు, నువ్వెంత మంచి కోడ్ రాసినా సరే. క్రాన్ నుంచి నేరుగా కాకుండా చిన్న షెల్ స్క్రిప్ట్ ద్వారా నడిపి ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాం ఎలా ముగిసిందో చెప్పే నంబరు) రాయించు. 137 కనపడితే (128కి సిగ్‌కిల్ నంబరు 9 కలిపితే అదే) లైనక్స్ సొంత లాగ్, అదే కెర్నెల్ లాగ్ చూడు, అక్కడ ఉంటుంది.

మీ మేనేజర్ ఇదంతా టైమ్ వేస్ట్ అంటే యూరప్ వాళ్ల ఏరియాన్ 5 రాకెట్ కథ చెప్పు. 1996 జూన్ 4న ఆ రాకెట్ మొదటిసారి ఎగిరింది. 64 బిట్ల దశాంశ సంఖ్యని 16 బిట్లలో ఇరికించబోతే ఎర్రర్ వచ్చింది, ఆ ఎర్రర్‌ని పట్టుకునే కోడ్ అక్కడ లేదు. దిశ చెప్పే కంప్యూటర్లు రెండూ ఆగిపోయాయి. ఆగిపోతూ ఒకటి పంపిన డయాగ్నస్టిక్ సమాచారాన్ని మెయిన్ కంప్యూటర్ నిజమైన ప్రయాణ లెక్కలనుకుని మంట వదిలే నాజిల్స్ తిప్పేసింది, సుమారు 40 సెకన్లకి అంతా ముక్కలు. అంటే అక్కడ ఎర్రర్ రిపోర్టు వెళ్లింది, కాకపోతే దాన్ని రిపోర్టని ఎవరూ గుర్తుపట్టలేదు. చిత్రమేంటంటే ఆ ఎర్రర్ వివరాలు లోపల ఒక మెమరీ చిప్‌లో కూడా రాసి ఉన్నాయి, శకలాల్లో దొరికితే చదివారు. నీకు శకలాలు ఏరుకునే పని లేదు, సంతోషించు.

ఇవాళే ఒక పని చెయ్. మెయిన్‌లో ఒకటి, మామూలు థ్రెడ్‌లో ఒకటి, పూల్‌లో ఒకటి కావాలని ఎర్రర్లు పెట్టు, ఒక్కోదాని మెసేజ్‌లో ఒక తెలుగు పేరు కూడా వెయ్. టెర్మినల్ నుంచి కాదు, క్రాన్ నుంచే నడుపు. ఏవి లాగ్‌లోకి వచ్చాయో, ఏవి రాలేదో నాకు చెప్పు. క్రాన్ లైనూ, పైథాన్ వెర్షనూ, ఆ పూల్ ఉన్న ఫంక్షనూ కూడా పంపు. స్క్రీన్‌షాట్లు వద్దు, కాపీ చేసి పెట్టు, పోయినసారి నువ్వు పంపిన ఫొటోలో కోడ్ కంటే నీ టీ గ్లాసే బాగా కనపడింది.

ఉంటాను రా.