ట్రాన్స్‌జెండర్ల హక్కుల్లో కులం మాటేమిటి?

సంపాదకుడు గారికి,

స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్లు తమ హక్కుల కోసం జరిపే ప్రైడ్ ఊరేగింపులపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఉద్యమంలోనే తమను వెనక్కి నెట్టేస్తున్నారన్న నల్లజాతివారి ఆవేదన ఫలితంగా 2017లో ఫిలడెల్ఫియా నగరం ఆ ఉద్యమ చిహ్నమైన ఇంద్రధనుస్సు జెండాకు నలుపు, గోధుమ రంగు పట్టీలు చేర్చిన సంగతి వివరంగా రాసిన వ్యాసకర్త, అదే ప్రశ్న మన దగ్గర కులం రూపంలో ఉన్నదని ఒక్క వాక్యమైనా రాయకపోవడం వెలితిగా తోచింది.

2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుషులు కాక ‘ఇతరులు’గా నమోదైనవారు దేశం మొత్తం మీద 4,87,803 మంది. వారిలో ఎస్సీలు 78,811, ఎస్టీలు 33,293, అంటే నూటికి సుమారు 23 మంది. బీసీలను ఆ లెక్కల్లో విడిగా లెక్కించనే లేదు.

ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గంగా పరిగణించి రిజర్వేషన్లు ఇవ్వాలని 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు గొప్పదే. అయితే అందరినీ బీసీల కిందే లెక్కగడితే, ఎస్సీగా పుట్టిన ట్రాన్స్ మహిళ కులమో, లింగమో ఏదో ఒకటి వదులుకోవాలి. తమిళనాడులో దళిత ట్రాన్స్ ఉద్యమకారిణి గ్రేస్ బాను సమాంతర రిజర్వేషన్ (ప్రతి కుల కేటగిరీలోనూ ట్రాన్స్‌జెండర్లకు కొంత వాటా) కోసం పోరాడుతున్నది ఇందుకే. కర్ణాటక 2021లో ప్రభుత్వోద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకు ఒక శాతం కేటాయించినప్పుడు జనరల్, ఎస్సీ, ఎస్టీ, బీసీ, ప్రతి కేటగిరీలోనూ ఆ ఒక్క శాతాన్ని పెట్టింది. ఇది కొత్త విడ్డూరమేమీ కాదు, మన దగ్గర మహిళల రిజర్వేషన్ అమలవుతున్న పద్ధతే.

నేను కరీంనగర్‌లో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాను. ఒక అమ్మాయి ఉద్యోగ దరఖాస్తు నింపించుకోవడానికి వచ్చింది. లింగం దగ్గర ట్రాన్స్‌జెండర్ అనీ, కులం దగ్గర ఎస్సీ అనీ నొక్కాం. ఆధార్‌లో ఇప్పటి పేరుంది, కుల ధ్రువీకరణ పత్రంలో మాత్రం ఇంట్లోవాళ్లు పెట్టిన మగ పేరుంది. కొత్తది తీయించుకోవాలంటే తండ్రి కాగితాలు కావాలన్నారట. అవి తేవాలంటే తనను గెంటేసిన గడపే తొక్కాలి. “అన్నా, కులం కోసం మళ్లీ ఆ పేరుతో బతకాలా?” అని అడిగింది. ఆ దరఖాస్తు పంపకుండానే గడువు దాటిపోయింది.

స్వలింగ జంటల పెళ్లి హక్కు కేసు 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టులో వీగిపోయేదాకా టీవీల్లో, పత్రికల్లో నెలల తరబడి నలిగింది. ఆ హక్కు కోరడం తప్పని నేననను. కానీ ఏ కోరిక ముందు నిలవాలో తేల్చే చోట ఇంగ్లిషు మాట్లాడగలవాళ్లే, వెనక ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లే ఎక్కువైనప్పుడు, రోస్టర్ పాయింట్ల (ఏ ఖాళీ ఏ కేటగిరీకో చెప్పే వరుస సంఖ్యల) గురించి, కుల పత్రాల గురించి మాట్లాడేవారికి మైకు చివరన అందుతుంది, లేదా అందదు. హైదరాబాద్‌లో ప్రైడ్ నిర్వహించేవారు ఈసారి తమ డిమాండ్లలో సమాంతర రిజర్వేషన్‌ను మొదట పెట్టాలి. రెండు తెలుగు ప్రభుత్వాలు నియామక నోటిఫికేషన్లలో కర్ణాటక పద్ధతిని పాటించాలి. కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం చూపితే చాలు, తండ్రి సంతకంతో పని లేకుండా, పాత కుల పత్రాన్ని కొత్త పేరుతో తహసీల్దార్లు ఇచ్చేలా ఉత్తర్వులు వెలువడాలి.

ఇట్లు,
ఒక ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు, కరీంనగర్