‘కుటుంబాలకు అనుకూలం’ అన్న గుర్తును నమ్మి తీసుకున్న హోటల్ గది గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: మీ సంస్థ ద్వారా బుక్ చేసిన హోటల్‌లో గది వివరాలు, ధర, దూరం తప్పుగా చూపడం, అదనంగా వసూలైన సొమ్ము వాపసు, పేజీలో సవరణ కోరుతూ.

అయ్యా,

గత నెలలో రెండు రాత్రుల నగర సందర్శన కోసం మీ బుకింగ్ సంస్థ ద్వారా ఒక గది తీసుకున్నాము. మేము మొత్తం అయిదుగురం: నేను, నా భర్త, మోకాళ్ళ నొప్పులతో బాధపడే మా అత్తగారు, 8 ఏళ్ళ అమ్మాయి, 14 నెలల బాబు. వెతికేటప్పుడు ‘కుటుంబాలకు అనుకూలం’ అన్న గుర్తున్న హోటళ్ళను మాత్రమే చూపమని కోరి, వాటిని ధర తక్కువ నుంచి ఎక్కువకు అమర్చుకుని, పైనుంచి మూడవదాన్ని ఎంచుకున్నాను. ఆ గుర్తు పెట్టింది హోటల్ కాదు, మీరు. అందుకే ఈ ఫిర్యాదు ముందుగా మీకు రాస్తున్నాను.

బుక్ చేసేటప్పుడు పిల్లల వయసులు అడిగారు. ఇద్దరివీ నమోదు చేశాను. వయసులు అడిగి మరీ ధర చూపినప్పుడు, ఆ ధర మా అయిదుగురికీ వర్తిస్తుందని ఎవరైనా అనుకుంటారు. రాత్రి 9 గంటలు దాటాక హోటల్‌కు చేరితే, రిసెప్షన్‌లో ఉన్న అబ్బాయి మీ సంస్థ నుంచి తమకు అందిన కాగితం నా ముందు పెట్టాడు. అందులో ‘పెద్దలు 3, పిల్లలు 2’ అని మాత్రమే ఉంది. వయసుల గడి ఖాళీగా ఉంది. ఆ హోటల్ నియమం ప్రకారం 6 ఏళ్ళు దాటిన పిల్లలకు అదనపు మంచం తప్పనిసరిగా తీసుకోవాలి, దానికి రాత్రికి ఇంత అని విడిగా చెల్లించాలి. పన్నులు, సేవా రుసుము కూడా వెతుకులాట పేజీలో కనిపించిన మొత్తంలో చేరలేదు. అన్నీ కలిపితే నేను చూసి ఎంచుకున్న ధర కంటే మూడో వంతుకు పైగా ఎక్కువ అయింది. ఉచితంగా రద్దు చేసుకునే గడువు ముందురోజే ముగిసింది. నిద్రపోతున్న బాబును భుజాన వేసుకుని, తెలియని ఊళ్ళో ఆ వేళ ఇంకో గది వెతుక్కునే పరిస్థితి ఏ కుటుంబానికీ ఉండదు. అడిగినంత చెల్లించాము.

అదనపు మంచానికి డబ్బు తీసుకున్నారే గాని, ఆ రాత్రి మంచం ఖాళీ లేదని చెప్పి, మరునాడు కూడా ఇవ్వలేదు. మీ పేజీలోని ఫొటోలో రెండు పెద్ద మంచాలు కనిపిస్తాయి. మాకు ఇచ్చిన గదిలో ఒకటి పెద్దది, ఒకటి ఒంటి మంచం. ఒంటి మంచం అత్తగారికి ఇచ్చాము. మిగిలినదాని వెడల్పును మా అమ్మాయి తన బొమ్మల పెట్టెలోని 15 సెంటీమీటర్ల స్కేలుతో కొలిచింది. సరిగ్గా తొమ్మిది సార్లు పట్టింది. అంటే 135 సెంటీమీటర్లు. ముగ్గురం పడుకుంటే ఒక్కొక్కరికి 45 సెంటీమీటర్లు. ఇంట్లో బాబు పడుకునే చిన్న మంచమే 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. చివరికి నా భర్త రెండు రాత్రులూ కుర్చీలోనే గడిపారు.

పసిపిల్లల మంచం విషయం నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది. ‘లభిస్తుంది’ అని మీ పేజీలో ఉంది కాబట్టి మేము వేరే ఏర్పాటు చేసుకోలేదు. అడిగిన గంటకు మడత మంచం ఒకటి తెచ్చారు. దాని ఒక వైపు గొళ్ళెం పడడం లేదు. చేత్తో నొక్కితే ఆ అంచు లోపలికి వంగిపోతోంది. అడుగున వేసిన పరుపు దానిది కాదు. పరుపుకూ అంచుకూ మధ్య రెండు వేళ్ళకు మించి సందు ఉండకూడదని పసిపిల్లల తల్లులకు చెప్పే మొదటి జాగ్రత్తల్లో ఒకటి. ఆ సందులో అత్తగారి పిడికిలి పట్టింది. బాబును అందులో పడుకోబెట్టకుండా నా పక్కనే గోడవైపు పడుకోబెట్టి, రాత్రంతా చేయి అడ్డుపెట్టుకుని కూర్చున్నాను. పసిపిల్లల మంచం ఉందని ప్రకటించే ముందు అది ఏ స్థితిలో ఉందో హోటల్‌ను ఒక్కసారైనా అడిగారా? ఈ ప్రశ్నకు సూటిగా సమాధానం కావాలి.

‘లిఫ్ట్ ఉంది’ అన్నది కూడా మీ పేజీలోని మాటే. లిఫ్ట్ ఉన్నది నిజమే, కానీ వీధి నుంచి 14 మెట్లు ఎక్కితేగాని దాని తలుపు దగ్గరకు చేరలేము. చేపట్టు కమ్మీ ఒక వైపే ఉంది. అత్తగారు ఎక్కేటప్పుడు దాన్ని కుడి చేత్తో పట్టుకున్నారు, దిగేటప్పుడు అదే కమ్మీ ఎడమ వైపుకు రావడంతో, బలం లేని చేతి మీద భారమంతా వేసి మెట్టుకో నిమిషం ఆగుతూ దిగారు. రెండో రోజు మధ్యాహ్నం నుంచి ఆవిడ బయటకు రానన్నారు. ఆవిడ కోసమే ఈ ప్రయాణం పెట్టుకున్నామని చెప్తే మా బాధ మీకు అర్థమవుతుందని ఆశిస్తాను.

ఇక దూరం సంగతి. హోటల్ ‘నగర కేంద్రం నుంచి 1.2 కిలోమీటర్లు’ అని చూపారు. అది పటం మీద రెండు చుక్కల మధ్య గీత గీస్తే వచ్చే దూరమని అక్కడికి వెళ్ళాక తెలిసింది. నడుమ రైలు పట్టాలు ఉన్నాయి. వంతెన చుట్టి నడిస్తే 2.7 కిలోమీటర్లు. ఒంటరిగా తిరిగేవారు ఉదయం బయలుదేరితే రాత్రికే గదికి చేరతారు కాబట్టి వారికి ఇది పెద్ద తేడా కాకపోవచ్చు. పసిపిల్లలు, వయసు మళ్ళినవారు ఉన్న కుటుంబం మధ్యాహ్నం గదికి వచ్చి, పిల్లవాడు నిద్ర లేచాక మళ్ళీ బయలుదేరాలి. ఆ దూరాన్ని రోజుకు నాలుగు సార్లు దాటాలి. మధ్యాహ్నం 2 గంటలకు గది ఇచ్చి, మూడవ రోజు 11 గంటలకు ఖాళీ చేయమనే పద్ధతిలో రెండు రాత్రుల బసకు దక్కేది 45 గంటలే. నిద్ర, స్నానాలు, భోజనాలు పోగా చూడవలసినవి చూడడానికి మిగిలే కొద్ది సమయంలో చాలా భాగం మాకు కారు కోసం ఎదురుచూడడంలోనే పోయింది. నేను మొదట చూసి వదిలేసిన మరో హోటల్ అదే నగర కేంద్రానికి 400 మీటర్ల నడక దూరంలో ఉంది. దాని అద్దె ఇది చూపినదానికంటే అయిదో వంతు ఎక్కువ. ఇంటికి వచ్చాక రెండు రోజుల కారు కిరాయి, అదనపు వసూళ్ళు కలిపి లెక్క చూస్తే, ఆ హోటలే మాకు చవకగా పడేదని తేలింది. ఆ లెక్క నేను ముందే వేసుకోగలిగేదాన్ని. దానికి కావలసిన అంకెలు మీ పేజీలో లేవు.

సమీక్షలు చదవకుండా బుక్ చేశానని అనుకోవద్దు. పదికి 8.4 సగటు చూసి, పైన ఉన్న పది సమీక్షలు చదివాను. తిరిగి వచ్చాక 40 సమీక్షలు వరుసగా చదివితే, 27 పని మీద ఒంటరిగా వచ్చినవారివి, 9 జంటలవి, 4 మాత్రమే పిల్లలతో వచ్చినవారివి. ఆ నాలుగింటిలో మూడు మెట్ల గురించే చెప్పాయి. నేను కుటుంబం కోసం వెతుకుతున్నానని మీకు తెలిసి కూడా, ఆ మూడూ నాకు అడుగున పడ్డాయి.

నేను గదిని పరిశీలిస్తున్న సమయంలో ‘మీ తేదీలకు ఒక్క గదే మిగిలింది’ అని ఎర్ర అక్షరాలు కనిపించాయి. అవి చూసి తొందరపడ్డానని ఒప్పుకుంటాను. హోటల్‌కు చేరిన మరునాడు ఉదయం రిసెప్షన్ వెనుక పలకకు చాలా తాళంచెవులు వేలాడుతూ ఉన్నాయి. ఇటువంటి ఒత్తిడి మాటలు, దాచిన రుసుములు, కమీషన్‌ను బట్టి హోటళ్ళ వరుస మార్చడం వంటి పద్ధతులపై బ్రిటన్‌లోని పోటీ, మార్కెట్ల నియంత్రణ సంస్థ 2019లో ఆరు హోటల్ బుకింగ్ సంస్థల చేత మార్పులకు హామీ తీసుకుంది. అంటే ఇవి సరిదిద్దుకోగలిగినవే.

రెండు సార్లు ఫోన్ చేసినప్పుడు, హోటల్ ఇచ్చిన వివరాలనే చూపుతామని మీ సిబ్బంది మర్యాదగానే చెప్పారు. అయితే ‘కుటుంబాలకు అనుకూలం’ అన్న గుర్తును దేని ఆధారంగా ఇస్తారని అడిగితే, పిల్లలను అనుమతించే ప్రతి హోటల్‌కూ అది దానంతట అదే వస్తుందని సమాధానం వచ్చింది. పిల్లలను లోపలికి రానివ్వడం, పిల్లలతో ఉండడానికి వీలుగా ఉండడం ఒకటి కాదు. ఈ తేడా మీకు తెలియనిదని నేను అనుకోను.

ఇందులో హోటల్ సిబ్బందిని నిందించడం నా ఉద్దేశం కాదు. మొదటి రాత్రి ఆ రిసెప్షన్ అబ్బాయే అత్తగారిని తన కుర్చీలో కూర్చోబెట్టి, సామాను నాలుగు విడతలుగా తానే పైకి మోశాడు. అతని చేతికి వచ్చిన కాగితంలో వయసులు ఉండి ఉంటే, మా కోసం ఏదో ఒక ఏర్పాటు ముందే చేసి ఉండేవాడని నాకు నమ్మకం.

కాబట్టి ఇవ్వని అదనపు మంచానికి వసూలైన సొమ్మును, మీరు చూపిన ధర కంటే ఎక్కువగా మేము చెల్లించిన మిగతా మొత్తాన్ని వాపసు చేయవలసిందిగా కోరుతున్నాను. ఆ హోటల్ పేజీలో మెట్ల సంఖ్యను, నడక దూరాన్ని, 6 ఏళ్ళు దాటిన పిల్లల రుసుమును ధర పక్కనే కనిపించేలా వెంటనే చేర్చండి. పసిపిల్లల మంచాన్ని పరీక్షించే వరకు ఆ పేజీ నుంచి ‘లభిస్తుంది’ అన్న మాట తొలగించండి. వయసులు హోటల్‌కు చేరకపోవడం మా ఒక్కరి విషయంలో జరిగిన పొరపాటా, అందరికీ అలాగే జరుగుతోందా అన్నది విచారించి తెలియజేయండి.

బుకింగ్ పేజీ ఫొటో, హోటల్ ఇచ్చిన రెండు రసీదులు, మంచం మీద స్కేలు పెట్టి తీసిన ఫొటోలు, గొళ్ళెం పడని పసిపిల్లల మంచం వీడియో ఈ లేఖతో పంపుతున్నాను. 15 రోజుల్లో సమాధానం రాకపోతే వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. ఇంతకుముందు ఫోన్‌లో మాట్లాడిన రెండు సార్లకూ మీ దగ్గర నమోదు లేదన్నారు కాబట్టి, ఈసారి సమాధానం రాతపూర్వకంగానే పంపగలరు.

ఇట్లు,
మీ వినియోగదారురాలు